తినలేని మనిషి పెళ్లికి వెళ్లేదెలా? ట్యూబ్ ఫీడ్ మీద ఉన్నవాళ్లు, వాళ్లను చూసుకునేవాళ్లు చెప్పండి

తూర్పుగాలి
జనవరి 18, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు. నాకు 34 ఏళ్లు. మాది అమలాపురం దగ్గర పల్లె. నాకున్న జబ్బు పేరు గ్యాస్ట్రోపరేసిస్. అంటే కడుపు కండరాలు కదలవు. తిన్నది పేగులోకి దిగకుండా కడుపులోనే నిలిచిపోతుంది.

రెండేళ్ల కిందట వైరల్ జ్వరం వచ్చి తగ్గింది. జ్వరం పోయింది కానీ ఆకలి తిరిగి రాలేదు. మధ్యాహ్నం తిన్న అన్నం రాత్రి పదింటికి మెతుకు మెతుకుగా వాంతి అయ్యేది. అది చూసి అమ్మ ఏడ్చేది. 58 కిలోల దాన్ని 37కి వచ్చాను. మొదట గ్యాస్ అన్నారు, తర్వాత అల్సర్ అన్నారు. ఎండోస్కోపీలో పుండు లేదు, కానీ రాత్రంతా ఏమీ తినకుండా వెళ్లినా కడుపులో ముందు రోజు అన్నం కనబడింది. ఆ మాట రిపోర్టులో రాసి ఉన్నా ఒక డాక్టరు గారు "ఇది మనసుకు సంబంధించింది" అని నిద్రమాత్రలు ఇచ్చి పంపారు. ఇంకో ఆరు నెలలు అలా పోయాయి.

చివరికి ఒక పెద్ద ఊళ్లో న్యూక్లియర్ మెడిసిన్ విభాగంలో పరీక్ష చేశారు. ఇడ్లీలో కొంచెం రేడియోధార్మిక పదార్థం కలిపి తినిపించి, నాలుగు గంటల పాటు ఫొటోలు తీశారు. నాలుగు గంటలకు కడుపులో పది శాతానికి మించి మిగలకూడదట. నాకు 46 శాతం మిగిలింది. ఆ కాగితం చేతికి వచ్చిన రోజు నాకు బాధకన్నా ఊరటే ఎక్కువ కలిగింది. నేను అబద్ధం చెప్పడం లేదని ఒక అంకె చెప్పింది.

మందులు పని చేయలేదు. ఏడు నెలల కిందట ఎఫ్‌జె పెట్టారు. కడుపును దాటించి నేరుగా చిన్నపేగులోకి ట్యూబ్. సాయంత్రం 6 నుంచి ఉదయం 10 దాకా గంటకు 75 మి.లీ. చొప్పున ఫీడ్ ఎక్కుతుంది. పంపు కొనే స్తోమత లేదు. దోమతెర కట్టే మేకుకి బ్యాగ్ తగిలించి చుక్కలు లెక్కపెట్టుకుంటాం. ఇప్పుడు 43 కిలోలు. నోటితో రోజుకు నాలుగైదు గుక్కల నీళ్లు, అంతే.

అసలు విషయం. వచ్చే నెల మా తమ్ముడి పెళ్లి, ఆడపెళ్లివారిది భీమవరం. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకు. నేను ఆడపడుచుని, వెళ్లి తీరాలి. వెళ్లాలని నాకూ ఉంది. కానీ భయం. దసరాకి మా పెద్దమ్మ వాళ్ల గృహప్రవేశంలో "ఒక్క ముద్ద, నా కోసం" అని అందరూ చుట్టూ చేరితే కాదనలేక రెండు చెంచాల దద్దోజనం తిన్నాను. రాత్రంతా వాంతులు. పొటాషియం పడిపోయి మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను.

రాత్రి ఫీడ్ సంగతి ఏం చేయాలి? పట్టుచీరలో ట్యూబ్ ఎలా సర్దుకోవాలి? అన్నిటికన్నా ముఖ్యం, మూడు వందల మంది "భోంచేశావా అమ్మా" అని అడిగితే ఏం చెప్పాలి?


చిన్నక్క_ఒంగోలు
జనవరి 18, రాత్రి 10:25

చెల్లీ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మా ఆయనకు అన్నవాహిక క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఐదు నెలలు ఎఫ్‌జె మీదే ఉన్నారు. ఇప్పుడు నోటితోనే తింటున్నారు. అందుకని నా అనుభవం వరకు చెప్తాను.

చీర సంగతి ముందు. లంగా బొందు సరిగ్గా ట్యూబ్ దగ్గరే పడుతుంది, ఒరుసుకుని పుండు చేస్తుంది. బొందు ఇంకా కిందికి కట్టుకోండి, లేదా మెత్తటి వెడల్పు ఎలాస్టిక్ ఉన్న లంగా కుట్టించుకోండి. ట్యూబ్‌ని గుండ్రంగా ఒక చుట్టు చుట్టి పొట్టకు ప్లాస్టర్‌తో అతికిస్తే ఎవరి చెయ్యి తగిలినా కుట్టు మీద లాగదు. పమిట మడతలు పెట్టి పిన్ను పెట్టకుండా ఒంటిపొరగా వదిలేయండి, అసలు కనబడదు.

గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు, 50 మి.లీ. సిరంజి ఎప్పుడూ దగ్గరుండాలి. చిన్న సిరంజి వద్దు, దాని ఒత్తిడి ఎక్కువ, ట్యూబ్ చిట్లుతుంది. మాకు ఒకసారి బిళ్ల నూరి వేస్తే ట్యూబ్ మూసుకుపోయింది. అర్ధరాత్రి ఆటోలో ఆసుపత్రికి పరుగెత్తాం. పెళ్లి హడావిడిలో మందులు ఎవరి చేతికీ ఇవ్వకండి, మీరే వేసుకోండి.


అరుగు
జనవరి 19, ఉదయం 6:12

అమ్మాయీ, నీ వయసు పిల్లలు నాకున్నారు. బాధపడకు. లంఖణం పరమౌషధం అన్నారు పెద్దలు. మూడు రోజులు కడుపుకు విశ్రాంతి ఇచ్చి, వాము వేయించి పొడి చేసి, సైంధవ లవణం కలిపి మజ్జిగలో తాగు. తర్వాత మునగాకు, తోటకూర లాంటి పీచు బాగా ఉన్న కూరలు తింటే కడుపు దానంతటదే కదులుతుంది. ట్యూబులూ అవీ పెట్టుకుంటే ఉన్న ఆకలి కూడా చచ్చిపోతుంది తల్లీ.


సన్నజాజి
జనవరి 19, ఉదయం 8:50

అరుగు గారూ, ప్రేమతో చెప్పారని తెలుసు. కానీ చదివేవాళ్లు ఇంకా ఉంటారు కాబట్టి చెప్పాలి. నేను విశాఖలో డైటీషియన్‌ని. అజీర్ణం చేసినవాళ్లకు మీ వాము మజ్జిగ బాగానే ఉంటుంది. ఈ జబ్బు వేరు. కడుపును కదిలించేది వేగస్ అనే నరం, దాంతో పాటు కడుపు గోడలో ఉండే కొన్ని ప్రత్యేక కణాలు. అవి దెబ్బతింటే వాముతో లేవవు. పీచు అయితే పూర్తిగా ప్రమాదం. కదలని కడుపులో మునగ పీచు, నారింజ తొనల తొక్క, ఆకుకూర ఈనెలు ఒకదానికొకటి చుట్టుకుని ఉండలా గట్టిపడతాయి. దాన్ని ఎండోస్కోపీతో ముక్కలు చేసి తీయాల్సి వచ్చిన మనుషుల్ని నేను చూశాను. లంఖణం అంటారా, ఈ అమ్మాయి రెండేళ్లుగా చేసింది అదే. అలా చిక్కిపోయిన ఒంటికి ఒక్కసారిగా ఆహారం పెట్టినా ప్రమాదమే. రక్తంలో ఫాస్ఫేట్ పడిపోతుంది. అందుకే ట్యూబ్ పెట్టిన కొత్తలో ముందు విటమిన్ బి1 ఇచ్చి, ఫీడ్ కొంచెం కొంచెంగా పెంచుతారు.

తూర్పుగాలి గారూ, మీ ఫీడ్ గురించి. తొందరగా ముగించాలని గంటకు 75ని 120 చేయకండి. కడుపు సంచిలాంటిది, దాచుకుంటుంది. చిన్నపేగు దాచుకోలేదు. వేగం పెరిగితే చెమటలు, గుండెదడ, విరేచనాలు. ఇప్పటి నుంచే రెండు రోజులకొక గంట చొప్పున ముందుగా మొదలయ్యేలా జరపండి. నెల ఉంది కాబట్టి, ఉదయం 6కి మొదలై రాత్రి 10కి అయిపోయేలా మార్చుకోవచ్చు. అప్పుడు ముహూర్తానికి మీరు ఖాళీగా, ట్యూబ్ మూత పెట్టుకుని కూర్చోవచ్చు. మీ డాక్టరుకి ఒక్క మాట చెప్పి మొదలుపెట్టండి.

పొడి కలిపి చేసే ఫీడ్ అయితే బయట నాలుగు గంటలకు మించి వేలాడదీయకూడదు. ప్రయాణంలో ఐస్ పెట్టెలో పెట్టుకుని కొంచెం కొంచెంగా పోసుకోండి. ఇంట్లో చేసిన రాగి జావ పోయమని ఎవరైనా అంటే వద్దనండి. సన్నటి ఎఫ్‌జె ట్యూబ్‌కి అది గట్టిపడుతుంది. పైగా కడుపులోని ఆమ్లం క్రిముల్ని చంపుతుంది, పేగులోకి నేరుగా వెళ్లేదానికి ఆ కాపలా లేదు.


పాలమూరు_మాస్టారు
జనవరి 19, ఉదయం 11:30

అమ్మా, నేను రిటైర్డు లెక్కల మాస్టారుని. షుగర్ వచ్చి 24 ఏళ్లు. నాకూ ఇదే జబ్బు, కాకపోతే మీ అంత తీవ్రం కాదు. షుగర్‌తో నరం దెబ్బతిని వచ్చింది.

నాది ఎలా బయటపడిందో చెప్తాను, షుగర్ ఉన్నవాళ్లకు పనికొస్తుంది. భోజనానికి ముందు ఇన్సులిన్ వేసుకుని, రెండు జొన్నరొట్టెలు తిని పడుకునేవాణ్ని. గంటన్నరకు ఒళ్లంతా చెమటలు. చూస్తే షుగర్ 48. తిన్నాను కదా, ఎందుకు పడిపోయిందని ఎవరికీ అర్థం కాలేదు. తిన్నది కడుపులోనే ఉంది, ఇన్సులిన్ మాత్రం తన పని తాను చేసేసింది. తెల్లవారుజామున ఆ రొట్టె పేగులోకి దిగి షుగర్ 300 దాటేది. ఇలా కిందికీ పైకీ ఊగుతుంటే తిండి విషయంలో నేనే దొంగతనం చేస్తున్నానని ఇంట్లో అనుమానపడ్డారు. ఇప్పుడు భోజనం తర్వాత, అదీ డాక్టరు చెప్పిన లెక్కలో వేసుకుంటున్నాను. జొన్నరొట్టె మానేశాను. మెత్తగా ఉడికిన అన్నం, పెసరకట్టు, వడకట్టిన చారు, రోజుకు ఆరుసార్లు చిన్న గిన్నెతో.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. మందుల షాపులో "గ్యాస్ బిళ్ల" అంటే చాలామందికి రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ కలిసిన క్యాప్సూల్ ఇస్తున్నారు. చీటీ అడగరు. నేను ఎనిమిది నెలలు వేసుకున్నాను. చేతులు వణకడం మొదలైంది, నడక నెమ్మదించింది. పార్కిన్సన్స్ ఏమో అని భయపడ్డాం. నరాల డాక్టరు ఆ క్యాప్సూల్ ఆపించాక నాలుగు నెలలకు వణుకు తగ్గింది. మెటోక్లోప్రమైడ్‌తో కూడా ఇలాంటిదే జరగొచ్చు. పన్నెండు వారాలకు మించి వాడొద్దని 2009లో అమెరికా మందుల సంస్థ పెద్ద హెచ్చరిక పెట్టించింది. డోంపెరిడోన్‌కి అయితే గుండె లయ చూసుకోవాలి, ఈసీజీ తీయించకుండా నెలల తరబడి వాడకూడదు. ఇవి పనికిరాని మందులని నేననడం లేదు. డాక్టరు కళ్ల ముందు వాడాల్సిన మందులు.


కడప_కుర్రాడు
జనవరి 19, మధ్యాహ్నం 2:05

అక్కా, నాది అకలేసియా. గొంతు దాటిన తర్వాత అన్నవాహిక చివర కండరం తెరుచుకోదు. నీళ్లు కూడా పైకి వచ్చేవి. రెండేళ్లు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయా. హైదరాబాద్‌లో పోయెమ్ చేశారు. బయట కోత లేకుండా నోట్లోంచి ఎండోస్కోప్ పంపి ఆ కండరాన్ని లోపలి నుంచే కోస్తారు. జపాన్‌లో ఇనౌయే అనే డాక్టరు 2008లో మొదలుపెట్టిన పద్ధతి. ఇప్పుడు సంగటి, పప్పు తింటున్నా. కడుపు కింది మూతికి కూడా అలాంటిది చేస్తారట, జీ-పోయెమ్ అంటారు. మీరు అడిగారా?


తూర్పుగాలి
జనవరి 19, రాత్రి 8:15

తమ్ముడూ, అడిగాను. నాకు పనికిరావొచ్చు అన్నారు, కానీ అందరికీ గుణం ఇవ్వదనీ, ముందు బరువు కొంచెం పెరగాలనీ చెప్పారు. 45 దాటాక మళ్లీ రమ్మన్నారు. నువ్వు సంగటి తింటున్నావని చదివి నిజంగా సంతోషం వేసింది.

సన్నజాజి గారూ, రేపటి నుంచే సమయం జరుపుతున్నాను. ఈ దారి నాకు తట్టనే లేదు. చిన్నక్క గారూ, లంగా కుట్టించడానికి ఇచ్చాను.

మాస్టారు గారూ, "దొంగతనం చేస్తున్నానని అనుమానపడ్డారు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. నన్ను అలాగే అనుకున్నారు, బరువు తగ్గాలని కావాలనే మానేస్తున్నానని.


వేపచెట్టు
జనవరి 20, రాత్రి 11:50

ఒకటి అడగొచ్చా అండీ. మాది వరంగల్. నా భార్యకు మూడు నెలలుగా ముక్కులోంచి చిన్నపేగు దాకా వెళ్లే ఎన్‌జె ట్యూబ్. ప్యాంక్రియాస్ వాపు వచ్చి తగ్గింది, కానీ ఇంకా తినడం కుదరట్లేదు. నేను ఇంట్లో తినలేకపోతున్నాను. ఆఫీసు క్యాంటీన్‌లో తింటాను, ఆదివారం అయితే మెట్ల మీద కూర్చుని గబగబా తినేసి వస్తాను. ఇంట్లో తాలింపు వేయడం మానేశాం. ఆమె ఎదురుగా నోట్లో ముద్ద పెట్టుకోవాలంటే తప్పు చేస్తున్నట్టు ఉంటుంది. మీ ఇంట్లో మీ వారు ఎక్కడ తింటారు? ఈ ప్రశ్న ఎవరిని అడగాలో తెలియక మిమ్మల్ని అడుగుతున్నాను.


తూర్పుగాలి
జనవరి 21, ఉదయం 10:30

అన్నయ్యా, మా ఆయన కూడా మొదటి నెల అలాగే చేశారు. పెరట్లో గట్టు మీద కూర్చుని తినేవారు. ఇంట్లో వంట వాసన లేదు, కంచాల చప్పుడు లేదు. మా పాప గది తలుపు వేసుకుని బిస్కెట్లు తినేది. ఒక రోజు నేనే అడిగాను, "నేను తినడం లేదు సరే, ఇల్లు కూడా తినడం మానేసిందేం?" అని. ఆయనకు ఏడుపు వచ్చింది.

ఆ సాయంత్రం నేనే వంకాయ కూర చేశాను. కొత్తిమీర కారం పెట్టి, గుత్తిగా. వాసన చూసి ఉప్పు తెలియదు కాబట్టి మా పాపను పిలిచి అరచేతిలో చుక్క వేశాను. ఎనిమిదేళ్ల పిల్ల, కళ్లు మూసుకుని "ఇంకొంచెం వెయ్యమ్మా" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఉప్పు చూసేది అదే. ముగ్గురం ఒకేసారి కూర్చుంటాం. వాళ్లు కంచాల ముందు, నేను నా బ్యాగ్ కింద.

బాధ లేదని చెప్పను. ఆవకాయ జాడీ మూత తీసినప్పుడు ఇప్పటికీ కళ్లు తిరిగినట్టు అవుతుంది. ఒక్కోసారి ఊట నాలుకకు రాసుకుని పుక్కిలించి ఉమ్మేస్తాను. డాక్టరు గారు పర్వాలేదన్నారు. కానీ వదినకు ఏది బాగుంటుందో నేను చెప్పకూడదు. వాసనకే వాంతి వచ్చేవాళ్లు ఉంటారు. మీరు ఊహించుకోకుండా ఆమెనే అడగండి. నన్ను ఎవరూ అడగలేదు. అదే నాకు ఎక్కువ బాధ అయింది.


సన్నజాజి
జనవరి 21, మధ్యాహ్నం 1:10

నోటితో తినకపోయినా రోజుకు రెండుసార్లు పళ్లు తోమాలి, అందరికీ ఈ మాట చెప్పాలనుకుంటూ మర్చిపోతాను. నమలడం లేకపోతే లాలాజలం తగ్గి నోరు ఎండిపోతుంది, నాలుక మీద పూత, చిగుళ్ల వాపు వస్తాయి. ట్యూబ్ మీద ఉన్నవాళ్లలో ఎక్కువగా నిర్లక్ష్యం అయ్యేది ఇదే.


అరుగు
జనవరి 22, ఉదయం 5:55

మూడు రోజులుగా మీరందరూ రాసింది చదువుతున్నాను. వెంటనే ఏమీ రాయలేకపోయాను.

మా వారికి 1984లో అల్సర్‌కి గుంటూరులో ఆపరేషన్ చేశారు. నరం కోసి, పేగును కడుపుకి కలిపామని చెప్పారు. ఆ తర్వాత ఆయన ఎప్పుడూ సరిగ్గా తినలేదు. రెండు ముద్దలకే చాలు అనేవారు. నేను వినేదాన్ని కాదు. పక్కన కూర్చుని, ఒట్టు పెట్టి, పిల్లల మీద ప్రమాణం చేయించి తినిపించేదాన్ని. తిన్నాక దొడ్లోకి వెళ్లి చాలాసేపు రాకపోయేవారు. ఎందుకని నేను అడగలేదు. ఆయన పోయి పన్నెండేళ్లు. ఆ నరం వేగస్సేనా సన్నజాజి తల్లీ?


సన్నజాజి
జనవరి 22, ఉదయం 9:20

అవునమ్మా, అదే. ఆ రోజుల్లో అల్సర్‌కి ఆమ్లం తగ్గించడానికి వేగస్ నరాన్ని కోసేవారు. కడుపును కదిలించేది కూడా అదే నరం కాబట్టి, తిన్నది దిగడానికి పేగును కడుపుకి కలిపి ఇంకో దారి పెట్టేవారు. అయినా కొందరికి కడుపు మందగించేది. అప్పట్లో ప్రాణం నిలబెట్టిన ఆపరేషనే అది. చాలా అల్సర్లకు ఒక బ్యాక్టీరియా కారణమని బారీ మార్షల్, రాబిన్ వారెన్ అప్పుడప్పుడే చెబుతున్నారు. 2005లో వాళ్లకు నోబెల్ వచ్చింది. ఇప్పుడు రెండు వారాల మందులతో పోతుంది. మీకు అప్పుడు ఎవరూ ఇదంతా చెప్పలేదు. మీరు తినిపించింది ప్రేమతోనే.


అరుగు
జనవరి 22, ఉదయం 9:48

సరే తల్లీ. ఇప్పుడు అమలాపురం అమ్మాయికి ఒక మాట.

నేను నలభై ఏళ్లు పెళ్లిళ్లలో పనిచేసిన దాన్ని. బంతిలో కూర్చున్నవాళ్లని "ఇంకొంచెం, ఇంకొంచెం" అని చంపుతారు. పక్కన ఊరికే నిలబడ్డవాళ్లని "నువ్వు తిన్నావా" అని చంపుతారు. వడ్డించేవాళ్లని మాత్రం ఎవరూ అడగరు. వాళ్లు ఆఖరి బంతిలో తింటారని అందరికీ తెలుసు. నువ్వు ఆడపడుచువి, వడ్డన చేస్తే ముచ్చటపడతారు. గంగాళాలు, బకెట్లు మోయకు. నెయ్యి గిన్నె పట్టుకో. చేతిలో ఇమిడిపోతుంది, ప్రతి ఆకు దగ్గరా ఒక్క చెంచా, ప్రతి మనిషితో ఒక్క మాట. ఒక్క బంతి చాలు. అలసిపోతావు.


నీలిగోరింట
జనవరి 22, రాత్రి 11:15

అరుగు పిన్నిగారూ, ఇది చదివి నా కళ్లలో నీళ్లు తిరిగాయి.

మేము డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయికి 16. పేగులే కదలవు తనకి, ట్యూబ్ ఫీడ్ కూడా పట్టదు. ఛాతీలో పెట్టిన లైన్ ద్వారా నేరుగా రక్తంలోకి పోషణ, రాత్రి పన్నెండు గంటలు. బ్యాగులు వారానికొకసారి ఇంటికి వస్తాయి, ఫ్రిజ్‌లో ఒక అర మొత్తం అవే. ప్రతి రాత్రి చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని, నేను కానీ మా ఆయన కానీ తగిలిస్తాం. జ్వరం 100.4 దాటిందంటే రాత్రి ఎన్ని గంటలైనా ఆసుపత్రే. లైన్‌లోకి క్రిమి చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది. ఇండియాలో ఇంటి దగ్గర ఇలా చేయడం చాలా అరుదు, ఖర్చు కూడా కుటుంబాలు మోయలేనిది. ఈ కారణంగానే మేము వెనక్కి రాలేకపోతున్నాం. మా అమ్మానాన్న గుడివాడలో ఒంటరిగా ఉన్నారు. సరే, అది వేరే కథ.

తూర్పుగాలి గారూ, మేము చేసేది ఒకటి చెప్తాను. ఏ ఫంక్షన్‌కి వెళ్లినా నాలుగు రోజుల ముందే పిలిచినవాళ్లకు మెసేజ్ పెడతాం. అక్కడికి వెళ్లాక వివరించడం మొదలుపెడితే ప్రతి మనిషికీ మొదటి నుంచి చెప్పాలి, పిల్ల అలసిపోతుంది. మీకు తెలుగులో రాసి పెడుతున్నాను, మార్చుకోండి:

"అందరికీ నమస్కారం. మా అక్క నా పెళ్లికి వస్తోంది. తన కడుపుకి ఉన్న జబ్బు వల్ల నోటితో ఏమీ తినకూడదు. ప్రసాదం, తీర్థం, ఒక్క ముద్ద కూడా ఆసుపత్రి పాలు చేస్తుంది. తనకు కావాల్సిన ఆహారం ట్యూబ్ ద్వారా తీసుకుంటుంది కాబట్టి ఆకలితో ఉందని బాధపడొద్దు. దయచేసి తినమని అడగకండి. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి."

ఇది మీరు పెట్టకండి, మీ తమ్ముడి చేత పెట్టించండి. పెళ్లికొడుకు మాట ఎవరూ తీసేయరు.


చిన్నక్క_ఒంగోలు
జనవరి 23, ఉదయం 7:30

ఆకలితో ఉందని బాధపడొద్దు అన్న వాక్యం బాగుంది. మనవాళ్ల బాధంతా అక్కడే.


కడప_కుర్రాడు
జనవరి 25, సాయంత్రం 6:40

అక్కా, ఉద్యోగం ఉందా మీకు? సదరం సర్టిఫికెట్‌కి ప్రయత్నించారా?


తూర్పుగాలి
జనవరి 25, రాత్రి 9:05

ఊళ్లో పిల్లలకు ట్యూషన్ చెప్తాను తమ్ముడూ. సదరం అడిగాం. 2016 చట్టంలో వైకల్యాలు 21 రకాలు రాశారు, అందులో కడుపు, పేగుల జబ్బులు లేవు. ఆ జాబితాలో లేకపోతే కాగితం లేదు. నెలకు ఫీడ్ పొడికే మా ఆయన జీతంలో సగం పోతుంది. ఏదైనా దారి తెలిసినవాళ్లు ఉంటే రాయండి. దీని మీద విడిగా ఇంకో చర్చ మొదలుపెడతాను.

ఫీడ్ ఇప్పుడు మధ్యాహ్నం 2కి మొదలవుతోంది. సన్నజాజి గారు చెప్పిన దానికన్నా త్వరగా జరిపాను, ఇబ్బంది లేదు.


సన్నజాజి
జనవరి 25, రాత్రి 9:30

త్వరపడకండి. విరేచనాలు అయితే రెండు రోజులు అక్కడే ఆపండి. రోజూ బరువు రాసుకోండి.


తూర్పుగాలి
ఫిబ్రవరి 23, ఉదయం 11:20

పెళ్లి అయిపోయింది. అందరికీ చెప్పాలి, కాబట్టి పొడవుగా రాస్తున్నాను.

మెసేజ్ తమ్ముడు రెండు వైపుల గ్రూపుల్లోనూ పెట్టాడు. చివర ఒక వాక్యం వాడే కలిపాడు, "మా అక్క నాకు చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టింది, తన విషయంలో నా మాట వినండి" అని. నాకు ముందు చూపించలేదు.

భీమవరంలో విడిది ఇంట్లో కిటికీ ఊచకి బ్యాగ్ తగిలించాం. ఉదయం 6కి మొదలుపెట్టి రాత్రి 10 కల్లా ముగించాను. ట్యూబ్‌ని నీళ్లతో కడిగి, మూత పెట్టి, చీర కట్టుకున్నాను. కొత్త లంగా బాగా పనికొచ్చింది. ముహూర్తం దాకా మేలుకుని జీలకర్ర బెల్లం కళ్లారా చూశాను. ఆ సమయంలో నేను బ్యాగ్ గురించి ఆలోచించలేదు. ఏడు నెలల్లో అది మొదటిసారి.

ఫీడ్ అయ్యాక, ముహూర్తానికి ముందు రాత్రి బంతిలో నెయ్యి వడ్డించాను. అరుగు అమ్మగారూ, మీరు చెప్పినట్టే అయింది. పనసపొట్టు కూర, పులిహోర, బూరెలు. బూరె మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి కోసం ఆగేవాళ్లు కొందరు. అరవై ఆకులు ఉంటాయి. చివరి ఆకు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు వణికాయి, మా ఆయన గిన్నె అందుకున్నారు.

అంతా సవ్యంగా జరగలేదు. మా పెద్దమ్మ మెసేజ్ చదివింది, అయినా బూరె ముక్క చేత్తో పట్టుకుని వచ్చింది. "వట్టి పూర్ణమేనే, మెత్తగా ఉంటుంది" అంది. నాకు టెన్షన్‌తో నోరు పెగల్లేదు. మా పాప వచ్చి "అమ్మమ్మా, అది నాకు పెట్టు, ఉప్పూ తీపీ చూసేది నేనే" అంది. పెద్దమ్మ దాని నోట్లో పెట్టి, నా పక్కన కూర్చుని చాలాసేపు నా చెయ్యి పట్టుకుంది. గృహప్రవేశం రోజు సంగతి తనే ఎత్తింది. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నానని అప్పట్లో తనకు ఎవరూ చెప్పలేదట. చెప్పొద్దని మా అమ్మతో అన్నది నేనే.

మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేకపోయాను. బరువు 43.6 ఉంది, తగ్గలేదు.


అరుగు
ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 12:02

చల్లగా ఉండు తల్లీ. పాపకు నా ముద్దులు.


పాలమూరు_మాస్టారు
ఫిబ్రవరి 23, మధ్యాహ్నం 3:15

43.6. ఇంకా 1.4 కిలోలు. మళ్లీ పరీక్షకు ఎప్పుడు వెళ్తున్నారో రాయండి అమ్మా, ఎదురుచూస్తుంటాం.


వేపచెట్టు
ఫిబ్రవరి 24, రాత్రి 10:10

అడిగాను అండీ. తాలింపు వాసన తనకు కావాలంది. చేపల వాసన మాత్రం వద్దంది. మెట్ల మీద తినడం మానేశాను.

వచ్చే ఆదివారం మా మరదలి శ్రీమంతం ఉంది. నీలిగోరింట గారు రాసిన మెసేజ్ మేమూ వాడుకోవచ్చా?


నీలిగోరింట
ఫిబ్రవరి 24, రాత్రి 11:40

తప్పకుండా. అడగాల్సిన పనే లేదు.


తూర్పుగాలి
ఫిబ్రవరి 25, ఉదయం 9:15

వాడుకోండి అన్నయ్యా. అక్క అన్న చోట పేరు మార్చుకోండి. శ్రీమంతం పగలే కాబట్టి ఫీడ్ ఒక రెండు గంటలు ఆపితే సరిపోతుందేమో, డాక్టరుని అడగండి. గోరువెచ్చని నీళ్ల ఫ్లాస్కు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్లండి, పైన చీటీ అతికించండి. నేను విడిదిలో వేణ్నీళ్లు అడిగితే రెండుసార్లు కాఫీ పట్టుకొచ్చారు.